తమ్ముడి ఆఖరి బండికి రెండు బ్యాటరీలు

ఫోనులో మా తమ్ముడు చెప్పేది పూర్తిగా వినకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేనలా గబుక్కున లేవకూడదు. లేస్తే ముందు ఆయాసం వస్తుంది, తర్వాత ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం కుర్చీ కాలికి చుట్టుకుని వెనక్కి లాగుతుంది. ఆ రోజు రెండూ ఒకేసారి జరిగాయి. అయినా కూర్చోలేదు.

"మళ్ళీ చెప్పు," అన్నాను.

"వచ్చే నెల పద్నాలుగున నా ఆఖరి డ్యూటీ అక్కా. పొద్దున ఎనిమిదింటికి మీ ఊరి నుంచి బయల్దేరే బండే. రెండూ ఇరవైకి మా ఊళ్ళో దింపేస్తా. ఆ తర్వాత ఇంక ఇంజనెక్కేది లేదు. నువ్వు రాలేవని తెలుసులే. ఊరికే చెప్తున్నా."

"రాలేనని నీకెవరు చెప్పారు?"

ఇంకేదో అనబోతే ఆయాసం అడ్డొచ్చింది. కానీ నా మనసు అప్పటికే పెట్టె సర్దేసింది.

మా తమ్ముడు రైలు డ్రైవరు. నేను బస్సు డిపోలో టైమ్‌కీపర్‌ని, ముప్ఫై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాను. ఏ బస్సు ఎన్నింటికి గేటు దాటింది, ఎన్నింటికి తిరిగొచ్చింది రాసి, డ్రైవరు తెచ్చిన ట్రిప్ షీటు మీద సంతకం పెట్టడం నా పని. నా సంతకం పడేదాకా ఏ డ్రైవరుకీ డ్యూటీ అయినట్టు కాదు. ఆ షీటులో ఆఖరి గడి పేరు 'కారణం'. బండి ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ గడి నింపాలి. అది ఖాళీగా కనబడితే నాకు కడుపు నిండినట్టుండేది. పరిగెత్తుకొచ్చే ప్రయాణికుల కోసం ఇన్నేళ్ళలో ఒక్క బస్సునీ ఆపలేదు. చేతులూపినవాళ్ళున్నారు, కేకలేసినవాళ్ళున్నారు, ఒకాయనైతే చెప్పు కూడా విసిరాడు. బస్సు మాత్రం టైముకే వెళ్ళింది. వెనకాల నన్ను 'గడియారం మొహం' అనుకునేవాళ్ళని తెలుసు. అననీ. గడియారాన్ని చూసి ఎవరూ జంకకపోతే ఇక అది గోడ మీద ఎందుకు?

తమ్ముడు నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మానాన్నా మిల్లులో షిఫ్టులకి వెళ్ళేవాళ్ళు కాబట్టి వాణ్ణి చూసుకోవడం నా వంతు. వంటింట్లో ఉన్న నాలుగు కుర్చీలూ వరసగా పెట్టి, పళ్ళేన్ని స్టీరింగులా తిప్పుతూ రైలు నడిపేవాడు. రైలుకి స్టీరింగుండదురా అంటే వినేవాడు కాదు. తిండికి పిలిస్తే వచ్చేవాడు కాదు. "డ్యూటీ అవలేదక్కా, సంతకం పెట్టు," అని చిరిగిన క్యాలెండరు కాగితం చాపేవాడు. నేను సంతకం పెడితే గానీ వాడికి ముద్ద దిగేది కాదు. టైమ్‌కీపర్ ఉద్యోగం డిపో నాకివ్వడానికి చాలా ముందే మా తమ్ముడిచ్చాడు.

నిజం రైలు నడపడం మొదలుపెట్టి ముప్ఫై ఒక్కేళ్ళయినా ఒక్కసారీ వాడి బండెక్కలేదు. వాడు డ్యూటీలో ఉన్న రోజు నేనూ డ్యూటీలోనే. రిటైరయ్యాక ఎక్కుదామనుకుంటే అప్పటికి ఊపిరితిత్తులు మొరాయించాయి. మూడేళ్ళుగా పడుకున్నా కూర్చున్నా ఆక్సిజనే. పెళ్ళయిన కొత్తలో నా ముక్కుకి తాడు వెయ్యాలని మా ఆయన చాలా ప్రయత్నించి విరమించుకున్నాడు. ఆయన పోయాక ఈ గొట్టం వేసింది.

ఇంట్లో రెండు మెషీన్లున్నాయి. మూల కూర్చుని రోజంతా బుసకొట్టేది పెద్దది, దానికి 'దున్న' అని పేరు పెట్టాను. భుజానికి తగిలించుకునే సంచీలో పట్టేది చిన్నది, అది 'పిల్లి'. దున్న కరెంటు మీద నడుస్తుంది. పిల్లి బ్యాటరీ మీద నడుస్తూ, నేను ఊపిరి పీల్చినప్పుడల్లా 'ఉఫ్' మని ఒక్క గుక్క ఆక్సిజన్ వదులుతుంది. పిల్లితో నేను వెళ్ళిన అతి దూర ప్రయాణం ఆసుపత్రి. అక్కణ్ణుంచి ఆరు గంటల ఇరవై నిమిషాల రైలు ప్రయాణానికి ఎగబాకుతున్నానన్నమాట.

ఈ సంగతి మా అమ్మాయికి చెప్పాను. తను బడిలో లెక్కల టీచరు, నాతోనే ఉంటుంది. పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నదల్లా ఎర్ర పెన్ను పక్కన పెట్టేసింది.

"అమ్మా, నువ్వు వీధి చివరి దాకా వెళ్ళొస్తేనే మంచమెక్కుతావు."

"రైల్లో నేను నడవక్కర్లేదే. నడిచేది రైలు."

"దారిలో ఏమన్నా అయితే?"

"ఏమన్నా కాకుండా ఏం చెయ్యాలో అదే ఆలోచిద్దాం. అందుకు నెల టైముంది. డిపోలో కొత్త రూటు వెయ్యాలంటే ఇరవై రోజులే ఇచ్చేవాళ్ళు."

ఆ సాయంత్రమే గోడ మీద పెద్ద కాగితం అంటించి గీతలు గీశాను. ఎన్నింటికి ఇల్లు కదలాలి, ఎన్నింటికి స్టేషను, ఏ గంటకి ఏ బ్యాటరీ, ఎప్పుడు మందులు, గొట్టం విరిగితే మారు గొట్టం ఏ జేబులో. మూడేళ్ళ తర్వాత నా చేతికి మళ్ళీ పని దొరికింది. ఎంత సంబరమంటే, గీతలు గీస్తూ ఈల వెయ్యబోయి దగ్గు తెచ్చుకున్నాను.

డాక్టరుగారు మొదట ససేమిరా అన్నారు. తర్వాత నన్ను వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, వేలికి మీటరు పెట్టి చూసి, మెల్లగా మెత్తబడ్డారు.

"కూర్చుంటే మెషీను రెండో నంబరు మీద పెట్టుకోండి, నడిస్తే మూడు. ప్లాట్‌ఫారం మీద చక్రాల కుర్చీలోనే వెళ్ళాలి. ఆయాసమొస్తే ముక్కుతో పీల్చి, పెదాలు ముడిచి, దీపం ఆర్పినట్టు నెమ్మదిగా వదలాలి. ఇంకొకటి, గట్టిగా చెప్తున్నా. మిగిలిన దారికి సరిపడా బ్యాటరీ లేదని తెలిసిన మరుక్షణం, ఏ స్టేషనైనా సరే, దిగిపోయి ఆసుపత్రికి వెళ్ళాలి. ఒప్పుకుంటేనే రైల్లో వెళ్ళొచ్చని ఉత్తరం రాస్తాను."

"ఒప్పుకున్నాం," అంది మా అమ్మాయి, నేను నోరు తెరిచేలోపే.

ఇక మిగిలింది మేస్త్రీ. ఆక్సిజన్ మెషీన్లు అద్దెకిచ్చే కంపెనీలో పనిచేస్తాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి. నేను 'గాలిమేస్త్రీ' అంటాను, ఆయన నవ్వి ఊరుకుంటాడు. తమ్ముడింట్లో నేనుండే వారం రోజులకి దున్నలాంటిదే ఇంకో మెషీను పెట్టించే ఏర్పాటు ఆయనే చేశాడు. తర్వాత గోడ మీది నా కాగితం ముందు నిలబడి చాలాసేపు చదివాడు.

"బాగా రాశారమ్మా. ఇల్లు కదిలిన దగ్గర్నుంచి బండి దిగేదాకా ఏడున్నర గంటలు. మా పద్ధతి ప్రకారం ప్రయాణానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ ఉండాలి. అంటే పదకొండుంబావు. మీ దగ్గరున్న రెండూ కలిపి తొమ్మిదే వస్తాయి."

"మిగతా సగం ఎందుకు?"

"బండి లేటైతే?"

"నా తమ్ముడి బండి ఎందుకు లేటవుతుంది?" ఒంటికాలి మీద లేచాను. రైళ్ళు ఎప్పుడూ లేటేనని వాణ్ణి ముప్ఫై ఏళ్ళు ఏడిపించింది నేనే. కానీ పైవాళ్ళంటే ఊరుకుంటానా? "అయినా సీటు పక్కన కరెంటు సాకెట్టుంటుంది. అమ్మాయి కనుక్కుంది."

"సాకెట్టు పనిచేస్తే సంతోషమే. లెక్కలో మాత్రం వెయ్యకండి. మూడో బ్యాటరీ ఇక్కడ ఖాళీ లేదు గానీ, మధ్యలో జంక్షన్ ఉంది చూశారూ, అక్కడ మా బ్రాంచిలో ఉంది. మావాడు బండి దగ్గరికి తెచ్చిస్తాడు. ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టండి చాలు."

"జంక్షన్లో బండి ఎంతసేపాగుతుంది?"

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాల్లో మీవాడు రావాలి, మమ్మల్ని వెతకాలి, ఇవ్వాలి. వాడు అటూ ఇటూ అయితే బండాగుతుంది. నా మూలంగా నా తమ్ముడి ఆఖరి బండి ఒక్క నిమిషం లేటవడానికి వీల్లేదు మేస్త్రీ. ఈ బండి టైముకి చేరాలి. దిగాక షీటు మీద నేను సంతకం పెట్టాలి. దాని కోసమే ఈ ప్రయాణం."

మేస్త్రీ తల గోక్కున్నాడు.

"నమ్మకం లేకపోతే ట్రయల్ వేసి చూపిస్తాను," అన్నాను.

కొత్త రూటు మొదలుపెట్టే ముందు డిపోలో ఒక బస్సుని ఉత్తినే తిప్పి టైము చూస్తారు. అలాగే నేనూ చూశాను. ఆదివారం పొద్దున ఆరింటికి పిల్లిని బ్యాటరీ మీద పెట్టుకుని ముందుగదిలో కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అమ్మాయి పలకరిస్తే వేలు పెదాల మీద పెట్టాను, ట్రయల్ జరుగుతోందని. రెండో బ్యాటరీ ఆఖరి చుక్క దాకా వాడేసరికి తొమ్మిది గంటల పది నిమిషాలు. మేస్త్రీకి ఫోను చేసి అంకె చదివాను.

"కుర్చీలో కూర్చోడం వేరమ్మా, బండిలో కూర్చోడం వేరు," అన్నాడాయన.

"కూర్చోడంలో కూడా తేడాలుంటాయా?" అని ఫోను పెట్టేశాను.

పద్నాలుగో తారీకు ఆరూ యాభైకి ఇల్లు కదిలాం. పిల్లికి నిండు బ్యాటరీ, సంచీలో ఇంకోటి. నా చేతిలో అట్ట, అట్ట మీద నేనే గీసిన ట్రిప్ షీటు. స్టేషను పేరు, రావాల్సిన టైము, వచ్చిన టైము, కారణం. నాలుగు గడులూ తిన్నగా ఉన్నాయో లేదో కారులో మూడుసార్లు చూసుకున్నాను. మా అమ్మాయి నన్ను చూసి నవ్వు ఆపుకుంటోంది.

ప్లాట్‌ఫారం మీద చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. బుద్ధిగానే కూర్చున్నాను, బండి కనపడేదాకా. నీలం రంగు ఇంజను, దాని కిటికీలో వాడి తల. అంతే, నా కాళ్ళు నా మాట వినలేదు. కుర్చీలోంచి లేచి, పిల్లిని మూడో నంబరుకి తిప్పి, ప్లాట్‌ఫారం పొడుగునా ఇంజను దాకా నడిచేశాను. "అమ్మా, అమ్మా!" అని అమ్మాయి ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనకే పరుగు. పిల్లి ఉఫ్ ఉఫ్ ఉఫ్ మంటూ గోల.

తమ్ముడు ఇంజను మెట్లు దిగి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తల నెరిసిపోయింది. కళ్ళు మాత్రం ఆ కుర్చీల రైలు నడిపిన కళ్ళే.

"షీటు తెచ్చావా?"

అట్ట చూపించాను.

"టైముకి చేరుస్తానక్కా. సంతకం రెడీగా పెట్టుకో."

"కబుర్లాపి బండెక్కు. ఇంకా పదకొండు నిమిషాలే ఉంది."

సరిగ్గా ఎనిమిదింటికి బండి కదిలింది. కిటికీ బయట ఊరు వెనక్కి జారిపోతుంటే గుండె దడదడలాడింది. నా తమ్ముడు నన్ను తీసుకెళ్తున్నాడు! ముందెక్కడో ఒక చెయ్యి మీట నెడుతుంటే ఇక్కడ నా కుర్చీ ముందుకెళ్తోంది. ఆపుకోలేక ఎదురు సీటాయనకి చెప్పేశాను ఈ బండి నడిపేది ఎవరో. ఆయన పక్కావిడకి చెప్పాడు. ఆవిడ నన్ను వివరాలడిగింది. ఇక చూడండి, కుర్చీల రైలు దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. మొదటి స్టేషను, టైముకే. రెండోది, టైముకే. షీటులో రాసినప్పుడల్లా అట్ట ఎత్తి అందరికీ చూపించాను. పెట్టెలో సగం మంది నాతో పాటు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు.

తొమ్మిదీ యాభై రెండుకి పిల్లి కీచుమంది.

"బ్యాటరీ అయిపోయిందమ్మా," అంది అమ్మాయి.

"అదెలా? పదకొండూ ఇరవై దాకా రావాలే?"

రెండో బ్యాటరీ పెట్టి, వైరు తీసి సీటు కింద సాకెట్టులో గుచ్చింది. పిల్లి మీద పచ్చ దీపం వెలగలేదు. వైరు తీసి మళ్ళీ గుచ్చింది.

"అది చచ్చిపోయిందండీ," అన్నాడు ఎదురు సీటాయన. "ఇందాకే ఫోను పెట్టి చూశాను. ఈ పెట్టెలో అన్నీ అంతేనట."

నాలుగున్నర గంటలు రావాల్సిన బ్యాటరీ మూడు గంటలకే చేతులెత్తేసింది. మెషీను పాడైందా అనుకుంటూ చెవి పెట్టి విన్నాను. ఉఫ్, ఉఫ్, ఉఫ్. నేను ఎన్నిసార్లు పీలిస్తే అన్నిసార్లు అది ఊదుతోంది. ఇంట్లో ఇంత వేగంగా ఊదలేదే? అప్పుడు తెలిసింది.

ఖాళీ బస్సు.

డిపోలో కొత్తగా వచ్చిన గుమాస్తాలు చేసే తప్పది. ట్రయల్లో ఖాళీ బస్సు నలభై నిమిషాల్లో వెళ్ళిందని షెడ్యూల్లో నలభై అని రాసేస్తారు. జనం ఎక్కాక అదే బస్సుకి యాభై ఐదు పడుతుంది. ఆ తప్పు చేసిన వాళ్ళని నిలబెట్టి ఎంత కడిగేసేదాన్నో, కొందరు ఏడ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు నేను చేసిందేమిటి? గోడ వంక చూస్తూ, నోరు మూసుకుని, తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చున్నాను. ఖాళీ బస్సు నేనే. ఈ రోజు నాలో ఎక్కినంత జనం జన్మలో ఎప్పుడూ ఎక్కలేదు. నడక, మాటలు, దడ, సంతోషం. మోయొద్దూ బ్యాటరీ?

"నోరు మూసుకుంటాను," అన్నాను అమ్మాయితో. "సరిపోతుంది."

"సరిపోదమ్మా." అట్ట వెనకాల లెక్క వేసి చూపించింది. "జంక్షను పదకొండూ పన్నెండుకి. అప్పటికి ఇందులో సగానికి కాస్త పైన మిగులుతుందనుకో. నువ్వు శిలలా కూర్చున్నా రెండున్నర గంటలే. అక్కణ్ణుంచి మనకి మూడు గంటల పైన కావాలి."

డాక్టరుగారికిచ్చిన మాట మా ఇద్దరికీ గుర్తుంది. నేను కిటికీ వైపు తిరిగాను. స్టేషన్ల మధ్య వచ్చే గడ్డిమైదానాలు, కాలవలు, గేట్ల దగ్గర ఆగిన సైకిళ్ళు, ఇందాకటి దాకా ఎంత బాగున్నాయో. జంక్షన్లో దిగిపోతే వాడు రెండూ ఇరవైకి ఇంజను దిగి చూసుకుంటాడు. అక్కడ నేనుండను. ఏడుపొచ్చింది. ఏడిస్తే బ్యాటరీ ఇంకా తింటుందని అదీ ఆపుకున్నాను.

"అమ్మా, తిట్టకు," అంది అమ్మాయి. "మేస్త్రీగారు జంక్షన్ బ్రాంచికి చెప్పి మూడో బ్యాటరీ పంపిస్తున్నారు. ఆ కాగితం మీద నేనే సంతకం పెట్టాను."

"నేను వద్దన్నాక కూడానా?"

"నువ్వు వద్దన్నావనే."

కోపం నషాళానికంటింది. పిల్లి ఉఫ్ ఉఫ్ మని అరిచింది. కోప్పడ్డానికి కూడా వీల్లేని పరిస్థితి. ముక్కుతో పీల్చాను, పెదాలు ముడిచి, దీపం ఆర్పినట్టు వదిలాను. నాలుగైదుసార్లు అలా చేశాక కోపం ఎటుపోయిందో, దాని చోట్లో ఆశ వచ్చి కూర్చుంది. కూతురి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను.

"వస్తాడంటావా?"

"మన ఏడో పెట్టె దగ్గర నిలబడమని చెప్పారట. కానీ రాకపోతే దిగిపోదాం. అప్పుడు మొండికెయ్యకూడదు."

"వెయ్యను."

పదకొండూ పన్నెండుకి, సరిగ్గా పన్నెండుకే, బండి జంక్షన్లో ఆగింది. సామాన్లు తలుపు దగ్గర పెట్టుకుని నిలబడ్డాం. పిల్లి మీద యాభై ఆరు శాతం. ప్లాట్‌ఫారం మీద మా పెట్టె తలుపు ముందు ఎవరూ లేరు. పోర్టర్లు, టీ బళ్ళు, పరుగులు తీసే కుటుంబాలు. బ్యాటరీ పట్టుకున్న మనిషి మాత్రం లేడు. అమ్మాయి ఫోను చెవికి పెట్టుకుని అరుస్తోంది.

"ఏడో పెట్టె దగ్గరే ఉన్నాడట! కనబడరేంటి మీరు అంటున్నాడు!"

"పెట్టెలు తిరగేసి తగిలించారమ్మా ఇవాళ," అన్నాడు పక్కనున్న పోర్టరు. "మీ ఏడో పెట్టె వెనక నుంచి ఏడోది. పైన వేలాడే ఏడో నంబరు బోర్డుని నమ్ముకుంటే అంతే. మీ మనిషి అదిగో, ఆ చివర."

అంత దూరాన ఎర్ర చొక్కా మనిషొకడు సంచీ గుండెకి హత్తుకుని జనంలోంచి పరిగెత్తుకొస్తున్నాడు. చేతులూపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు. గార్డు తన పెట్టె దగ్గర నుంచి పచ్చజెండా తీస్తూ మా వైపొచ్చాడు.

"ఎక్కుతున్నారా, దిగుతున్నారా అమ్మా? టైమైంది."

నా చేతి గడియారంలో పదకొండూ పదమూడు దాటి నలభై సెకన్లు. సామాను చేత్తో పట్టుకుని ఒక్క అడుగు కిందకి వేస్తే బండి టైముకి వెళ్ళిపోతుంది, నేను లేకుండా. షీటులో కారణం గడి ఖాళీగా ఉంటుంది. ఈ పక్క చూస్తే పరిగెత్తుకొచ్చే మనిషి. ముప్ఫై ఆరేళ్ళు నేను చూసీ చూడనట్టు వదిలేసిన మనుషులందరూ ఆ ఎర్ర చొక్కాలో కనపడ్డారు.

"గార్డుగారూ," అన్నాను. "బండి ఆపండి. ఆ వచ్చే ఆయన నాకు ఊపిరి తెస్తున్నాడు. దయచేసి ఆపండి."

గార్డు నా ముక్కుకున్న గొట్టం చూశాడు, చేతిలోని అట్ట చూశాడు.

"మీరు డ్రైవరుగారి అక్కగారా?" అని భుజం మీది వైర్‌లెస్ నొక్కాడు. "బండి కాసేపు ఆపుతున్నాం. ఏడో పెట్టెలో మీ అక్కగారికి బ్యాటరీ రావాలి."

గరగరమంటూ నా తమ్ముడి గొంతొచ్చింది. ఒక్క మాటే అన్నాడు.

"ఆపు."

ఎర్ర చొక్కా మనిషి వచ్చేసరికి నాకన్నా ఎక్కువ ఆయాసపడుతున్నాడు. బ్యాటరీ నా చేతిలో పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి వంగిపోయాడు. పిల్లినే కాసేపు ఆయనకిద్దామా అనిపించింది. గార్డు జెండా ఊపాడు. పెట్టెలో అందరూ చప్పట్లు కొట్టారు. పదకొండూ పద్దెనిమిదికి బండి కదిలింది.

సీట్లో కూర్చుని షీటు తీశాను. జంక్షను. నాలుగు నిమిషాలు లేటు.

ఆ తర్వాతి మూడు గంటలూ నేను అనుభవించింది మాటల్లో చెప్పలేను. చెప్పకూడదు కూడా, మాటలకి ఆ రోజు నిషేధం. కళ్ళతోనే చూశాను. తర్వాతి స్టేషన్లో మూడు నిమిషాలు లేటు. ఒక నిమిషం లాగేశాడు! ఎదురు సీటాయన మూడు వేళ్ళు చూపించాడు, నేను తలూపాను. గీత దాటి బండి తోలే మనిషి కాదు వాడు. తోలొచ్చినంత వేగంలో తోలుతూ, ఆగాల్సిన చోట ఆగి, ఒక్క సెకను పారెయ్యకుండా ఏరుకుంటూ పోతున్నాడు. ఆ తర్వాతి దాంట్లోనూ మూడే. వంతెన దాటాక రెండు. పెట్టెలో మనుషులు ఊపిరి బిగబట్టి గడియారాలు చూస్తున్నారు. నేనొక్కదాన్నే బిగబట్టకుండా, దీపాలు ఆర్పుకుంటూ కూర్చున్నాను. ఎన్ని దీపాలు ఆర్పానో! పరాయివాళ్ళంతా నా తమ్ముడి కోసం అలా ముందుకు వంగి కూర్చుంటే నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది.

చివరి స్టేషను కనబడింది. రెండూ పంతొమ్మిది. ప్లాట్‌ఫారం మొదలైంది. రెండూ ఇరవై. బండి ఇంకా జరుగుతోంది, నెమ్మదిగా, మెత్తగా. పూర్తిగా ఆగేసరికి ముల్లు ఇరవై ఒకటి మీద ఉంది.

మేం దిగేసరికి వాడి తోటి డ్రైవర్లందరూ ఇంజను చుట్టూ మూగి ఉన్నారు. వాళ్ళతో చేతులు కలిపి, భుజాలు తట్టించుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వాడు మా వైపు నడిచొచ్చాడు. నా ముక్కుకి గొట్టం, పక్కన పిల్లి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో పైనుంచి కిందకి చూసుకుని, అప్పుడు నవ్వాడు.

"ఎంతొచ్చింది?"

"ఒక నిమిషం లేటు."

"ఒక్క నిమిషమేగా అక్కా. వదిలెయ్యి."

"నేను వదలనని నీకు తెలుసు."

చక్రాల కుర్చీలో కూర్చుని అట్ట ఒళ్ళో పెట్టుకున్నాను. వచ్చిన టైము, రెండూ ఇరవై ఒకటి. తర్వాత కారణం గడి. ఆ గడిలో ఎన్నెన్ని రాసి ఉంటాను! టైరు పంక్చరు, వాన, ఊరేగింపు, ఇంజను వేడి. మనిషి కోసం ఆగిందని మాత్రం ఎప్పుడూ రాయలేదు. రాయనివ్వలేదు. ఇప్పుడు అక్షరాలు తిన్నగా వచ్చేలా మెల్లగా రాశాను. 'అక్క కోసం ఆగింది.' కింద సంతకం పెట్టి కాగితం వాడికిచ్చాను.

వాడు చదివాడు. చాలాసేపు చదివాడు, మూడు మాటలే ఉన్నా. తర్వాత నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, కళ్ళు తుడుచుకుని, నా కుర్చీ వెనక్కి వచ్చి పిడి పట్టుకున్నాడు.

"సంతకం పడిందిగా," అన్నాడు. "పదక్కా, ఆకలేస్తోంది."